ఆ ర్యాక్ కిందికి దింపండి
(నల్లగొండలో ఒక గ్రంథాలయ వారోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి.

జెండర్, వైకల్యం, సామాజిక న్యాయం మీద వచ్చిన పుస్తకాల్లో మీ గ్రంథాలయానికి ఏది కొనాలో చెప్పమన్నారు. కమిటీవాళ్లు రెండు పేర్లు ఇచ్చారు. సమాజశాస్త్రవేత్త కల్పన కన్నబిరాన్ రాసిన 'టూల్స్ ఆఫ్ జస్టిస్' 2012లో వచ్చింది. వివక్ష గురించి రాజ్యాంగం ఏమంటుందో వైకల్యం, కులం, ఆదివాసులు, మైనారిటీలు, స్త్రీలు, అందరి వైపు నుంచీ చూస్తుంది. లా చదివే పిల్లలకు తప్పక ఉండాలి. రెండోది 2015లో వచ్చిన 'రీథింకింగ్ డిజెబిలిటీ ఇన్ ఇండియా'. రాసిన అనితా ఘాయ్ చిన్నప్పుడే పోలియో వచ్చిన మనిషి, స్త్రీవాది. ఒక్కదానికే డబ్బులుంటే ఇదే కొనండి. ఎందుకో చెప్పాలంటే మా విద్యార్థిని సంగతి చెప్పాలి.

మర్రిగూడ వైపు అమ్మాయి. ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకరపోయాయి. వాళ్లన్నకూ అవే నీళ్లు, అవే కాళ్లు. అన్నకు పెళ్లి చేశారు. ఈమెకు సంబంధమే చూడలేదు. బోరింగు నుంచి బిందెలు మాత్రం ఈమే మోసింది. వికలాంగుల హక్కుల కోసం తెచ్చిన 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఫ్లోరోసిస్ పేరు అందులో విడిగా లేదు. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపులో కాళ్లు చూసి శాతం వేస్తారు, 40 ఉంటేనే లెక్కలోకి వస్తారు. మరి ఆ బిందెలు, రాని సంబంధాలు ఏ శాతంలోకి వస్తాయి? ఆ ప్రశ్న అడగడం నేర్పే పుస్తకం కావాలి మన జిల్లాకు.

పీజీలో ఆమె దీని మీదే ప్రాజెక్టు రాస్తానంది. ఆ కాలేజీ లైబ్రరీలో రెఫరెన్స్ సెక్షన్ మేడమీద. ర్యాంపు లేదు, లిఫ్టు లేదు. అటెండర్ మంచివాడే. "ఏది కావాలో రాసియ్యమ్మా, తెచ్చిస్తా" అనేవాడు. "ర్యాక్ ముందు నిలబడి చూస్తేగదా సార్ ఏది కావాలో తెలిసేది" అని నాతో అంది. చదువు అయిపోయేదాకా ఇంకొకరు తెచ్చిందే చదివింది. నేనెన్ని కాగితాలు పెట్టినా ఆ సెక్షన్ కిందికి రాలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు, తగ్గొద్దు కూడా.

వెనక కూర్చున్న ఆడపిల్లలూ, మీరు చెప్పండమ్మా. ఈ హాలుకు ఎన్ని మెట్లున్నాయి? వీల్‌చెయిర్‌లో ఒక్కరైనా ఇవాళ లోపలికి రాగలిగారా?

పుస్తకం మాట మరిచిపోలేదు. ఏది చేతికొచ్చినా ముందు చివరి ఇండెక్స్ తిప్పండి. వైకల్యం గురించి రాసినచోట స్త్రీ ఉందా, స్త్రీల గురించి రాసినచోట నడవలేని స్త్రీ ఉందా, రెండుచోట్లా కులం ఉందా చూడండి. నేను చెప్పిన ఈ రెండు పుస్తకాలూ ఇంగ్లీషువే. నెలకో ఆదివారం వచ్చి ఒక్కో అధ్యాయం తెలుగులో చెప్పే పూచీ నాది.

కానీ మీ కొత్త రెఫరెన్స్ గది కూడా పైనే అంటున్నారు. అధ్యక్షులవారూ, కమిటీ అంతా ఇక్కడే ఉంది. ఆ గది కిందే ఉండాలని తీర్మానం ఇప్పుడే రాయించండి. కాగితం ఇటివ్వండి, మొదటి సంతకం నేను పెడతాను.