వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు తెలియని తేదీ

అందరికీ నమస్కారం. మీలో కొందరు ఇంకా శిక్షణలో ఉన్నారు. మిగతావాళ్లు నాలాగే చిన్న విమానాలు నడుపుతూ ఏళ్లు గడిపినవాళ్లు. ఈ రోజు నా మాటలు ముఖ్యంగా ఆ రెండోవాళ్ల కోసం. ఎందుకంటే చెల్లని లైసెన్స్‌తో, గడువు దాటిన మెడికల్‌తో, అంటే పైలట్ ఆరోగ్య ధ్రువపత్రంతో, గాల్లోకి లేచేవాళ్లలో కుర్రవాళ్లు తక్కువ. బాగా నడపడం వచ్చినవాళ్లే ఆ పని చేస్తారు. నడపడం వచ్చు కాబట్టే చేస్తారు.

2019 జనవరి 21 రాత్రి ఫ్రాన్స్‌లోని నాంట్ నుంచి వేల్స్‌లోని కార్డిఫ్‌కి ఒక పైపర్ మాలిబు బయల్దేరింది. ఒకటే ఇంజిన్. లోపల ఇద్దరే మనుషులు: పైలట్, ఎమిలియానో సాలా అనే 28 ఏళ్ల అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు. కొత్త క్లబ్‌లో ఆడటానికి వెళ్తున్నాడు. ఇంగ్లిష్ చానెల్ మీద, గెర్న్‌సీ దీవి దగ్గర, విమానం రాడార్ మీద కనిపించకుండా పోయింది. సాలా శవం సముద్రం అడుగున దొరికింది. పైలట్ శవం దొరకనే లేదు.

దర్యాప్తులో బయటపడినవి ఒక్కొక్కటే చెప్తాను. పైలట్ దగ్గర ఉన్నది ప్రైవేటు లైసెన్స్. దాంతో డబ్బు తీసుకుని ప్రయాణికుణ్ణి ఎక్కించుకోకూడదు. రాత్రిపూట నడిపే అర్హత ఆయనకు లేదు. ఆ విమానం నడపడానికి ఉండాల్సిన రేటింగ్, అంటే లైసెన్స్ మీద ఉండే ప్రత్యేక అర్హత, దాని గడువు 2018 నవంబరులోనే అయిపోయింది. పైగా ఎగ్జాస్ట్, అంటే ఇంజిన్ పొగగొట్టం, నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వచ్చింది. సాలా రక్తంలో అది ప్రాణం తీసేంత మోతాదులో ఉంది. పైలట్ మీదా దాని ప్రభావం పడి ఉంటుందని దర్యాప్తువాళ్లు తేల్చారు. చేత్తో నడుపుతూ మలుపు తిప్పుతున్నప్పుడు అదుపు తప్పి, వేగం మితిమీరి, విమానం గాల్లోనే విరిగిపోయింది. ఆ ప్రయాణం ఏర్పాటు చేసిన వ్యక్తికి 2021లో బ్రిటన్ కోర్టు 18 నెలల జైలుశిక్ష వేసింది.

ఇక్కడ మీకో సందేహం రావాలి. రేటింగ్ గడువు ఉన్నంత మాత్రాన ఎగ్జాస్ట్ లీకు ఆగుతుందా? ఆగదు. మరి ఈ ఉదాహరణ ఎందుకు తెచ్చానంటే, ఆ సాయంత్రం ఆ విమానాన్ని నేల మీదే ఆపడానికి చాలా గేట్లు ఉన్నాయి. రాత్రి అర్హత ఒక గేటు. రేటింగ్ ఒక గేటు. డబ్బుకి ప్రయాణికుణ్ణి ఎక్కించుకోకూడదన్న నిబంధన ఇంకో గేటు. ఏ ఒక్కటి మూసి ఉన్నా ఆ కుర్రాడు మర్నాడు ఇంకో విమానమెక్కి క్షేమంగా చేరేవాడు. గేటు పని లోపలున్న ప్రమాదాన్ని ముందే కనిపెట్టడం కాదు, మనల్ని ఆపడం. ఏ ప్రమాదం నుంచి ఆపిందో మనకు ఎప్పటికీ తెలియకపోవచ్చు.

ఈ కాగితాల విషయంలో మనవాళ్లలో చాలా గందరగోళం ఉంది. లైసెన్స్ ఒకటి, దాని మీద రేటింగులు ఒకటి, మెడికల్ ఒకటి, ఇటీవల నడిపిన అనుభవం ఇంకొకటి. నాలుగూ వేరు వేరు. చాలా దేశాల్లో ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. జేబులో లైసెన్స్ ఉన్నా, నాలుగు నెలలుగా విమానం ముట్టుకోకపోతే మన పిల్లల్ని కూడా ఎక్కించుకోకూడదు. మెడికల్ సంగతి చూస్తే, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ప్రైవేటు పైలట్‌కి అది 60 నెలలు చెల్లుతుంది, 40 ఏళ్లు దాటాక 24 నెలలే. ఆ 40వ పుట్టినరోజే చాలామందిని దెబ్బతీస్తుంది. అయిదేళ్ల అలవాటులో ఉండి రెండేళ్ల సంగతి మర్చిపోతారు. 1944 డిసెంబరు 7న షికాగోలో 52 దేశాలు కూర్చుని సంతకాలు చేసిన ఒప్పందంలో 32వ అధికరణం ఈ అర్హత పత్రాల గురించే. ఇదేదో నిన్న మొన్న ఎవరో గుమాస్తా పెట్టిన రూలు కాదు.

‘నేను వెయ్యి గంటలు నడిపాను, ఒక రేటింగ్ లేకపోతే ఏమవుతుంది?’ అనేవాళ్లకు నేను ఎప్పుడూ ఒక అంకె చెప్తాను. 178. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1954లో ఒక పరీక్ష చేశారు. ఇన్‌స్ట్రుమెంట్లు చూసి నడపడం నేర్చుకోని 20 మందిని తీసుకుని, మబ్బుల్లోకి వెళ్లినట్టు బయటి దృశ్యం కనపడకుండా చేశారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లలో. అంటే మూడు నిమిషాలు కూడా కాదు. ఇరవై మందిలో 19 మంది విమానాలు సుడి తిరుగుతూ కిందికి దిగే దారి పట్టాయి. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. మన లోపలి చెవిలోని ద్రవం మెల్లగా తిరిగే మలుపును గుర్తించలేదు. విమానం పక్కకు ఒరిగిపోతుంటే ‘తిన్నగానే ఉన్నాం’ అని మెదడుకు చెప్తుంది. సరిచేయబోతే ‘ఇప్పుడు ఒరుగుతున్నావు’ అంటుంది. వెయ్యి గంటల అనుభవం ఉన్నా ఆ చెవి మారదు. చెవిని పక్కన పెట్టి గేజీలను నమ్మడం ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పాలి, తర్వాత ఇంకొకరు పరీక్షించాలి. రేటింగ్ అంటే ఆ నేర్పడమూ ఆ పరీక్షా జరిగాయని చెప్పే సంతకం.

రంగుల సంగతి కూడా ఇలాంటిదే. రంగులు గుర్తుపట్టగలమో లేదో చూడటానికి మెడికల్‌లో రంగుల చుక్కల పుస్తకం చూపిస్తే చాలామందికి విసుగు. రాత్రి ఎదురుగా ఒక విమానం వస్తోందనుకోండి. దాని ఎడమ రెక్క చివర ఎర్ర దీపం, కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం. ఆ రెండు రంగుల్ని బట్టే అది మనవైపు వస్తోందా, దూరంగా వెళ్తోందా అన్నది తెలుస్తుంది. దిగేటప్పుడు రన్‌వే పక్కన నాలుగు దీపాలు: రెండు తెలుపు, రెండు ఎరుపు ఉంటే సరైన ఎత్తులో ఉన్నట్టు. నాలుగూ ఎరుపైతే మరీ కిందికి వచ్చేశామని అర్థం. రేడియో పోతే టవర్ నుంచి వచ్చే సిగ్నల్ కూడా ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు దీపాలే. ఆ పుస్తకంలోని చుక్కలు ఇక్కడికే చేరతాయి.

ఇప్పుడు కష్టమైన విషయానికి వస్తున్నాను. మెడికల్ పరీక్షలో డాక్టరు చూడగలిగేది కొంతే. మిగతాదంతా మనం నిజం చెప్తామన్న నమ్మకం మీద నడుస్తుంది. ‘ఎప్పుడైనా స్పృహ తప్పిందా? మందులు వాడుతున్నారా?’ అన్న ప్రశ్నల పక్కన గడిలో టిక్కు పెట్టేది మనమే. 2000ల మొదట్లో అమెరికాలో, ఉత్తర కాలిఫోర్నియాలోని సుమారు 40,000 మంది పైలట్ల మెడికల్ వివరాలను వైకల్య భృతి రికార్డులతో పోల్చి చూశారు. ఒక ఆఫీసుకు ‘పని చేయలేనంత జబ్బు’ అని చెప్పి, ఇంకో ఆఫీసుకు ‘పూర్తి ఆరోగ్యం’ అని సంతకం పెట్టినవాళ్లు దొరికారు. నలభై మందికి పైగా కేసుల్లో ఇరుక్కున్నారు.

వాళ్లందరూ దుర్మార్గులని నేను అనను. భయం అలాంటిది. పైలట్‌కి డాక్టరంటే జబ్బు నయం చేసేవాడిలా కాక ఎగరనివ్వకుండా చేసేవాడిలా కనిపిస్తాడు. గుండెలో కాస్త పట్టేసినట్టున్నా చెప్పరు. నిద్ర పట్టకపోయినా, మనసు బాగాలేకపోయినా చెప్పరు. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కోపైలట్ కావాలని ఆల్ప్స్ కొండల్లో కూల్చాడు. 150 మంది పోయారు. ఆ రోజు పనికి వెళ్లొద్దని డాక్టరు రాసిచ్చిన కాగితం చించేసి ఉన్నది ఆయన ఇంట్లో దొరికింది. అది ఎయిర్‌లైన్ సంగతి, మనది చిన్న విమానం అనకండి. దాచుకోవడం ఒకటే.

నిజం చెప్పినవాళ్లకు దారి లేదనడం కూడా సరికాదు. మెడికల్ ఆగిందంటే చాలాసార్లు అది వాయిదా మాత్రమే. బీపీ అదుపులోకి వచ్చాక, స్టెంట్ వేసి పరీక్షలు అయ్యాక ఎంతోమంది తిరిగి నడుపుతున్నారు. అమెరికాలో 2017 నుంచి బేసిక్‌మెడ్ అనే పద్ధతి ఉంది. చిన్న విమానాలకు, కొన్ని షరతులతో, మామూలు డాక్టరు దగ్గర 48 నెలలకోసారి పరీక్ష చేయించుకుని, 24 నెలలకోసారి ఆన్‌లైన్ కోర్సు చేస్తే చాలు. అంత తేలిక దారి ఉన్నచోట కూడా కాగితం లేకుండా ఎగిరేవాళ్లు ఉన్నారంటే నాకు బాధగా ఉంటుంది.

కాగితం చెల్లుతున్నా ఎగరకూడని రోజులు ఉంటాయి. జలుబు మందు వేసుకున్న రోజు అలాంటిదే. ప్రమాదాల్లో చనిపోయిన పైలట్ల రక్తంలో ఏ మందులు ఉన్నాయో అమెరికా దర్యాప్తు సంస్థ 2014లో ఒక నివేదిక ఇచ్చింది. మగత తెచ్చేవాటిలో ఎక్కువగా కనిపించినవి అలర్జీకి, జలుబుకి వాడే యాంటీహిస్టమిన్లు. డాక్టరు చీటీ లేకుండా దొరికే మాత్రలు. వేసుకున్నవాడికి మగతగా ఉన్నట్టు కూడా అనిపించకపోవచ్చు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది వెనక సీటు. మనకు మన మెడికల్ గడువు తేదీ తెలుసు. వెనక కూర్చున్న మనిషికి తెలియదు, అడగాలని కూడా తోచదు. నవ్వుతూ బెల్టు పెట్టుకుంటుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట చూసేది ఆ తేదీనే. అది దాటి ఉంటే, క్లెయిమ్ కొట్టేయడానికి వాళ్లకు ఆ ఒక్క కారణం సరిపోవచ్చు. అప్పు మిగిలేది ఆమె ఇంట్లోవాళ్లకి.

నాకంటే పదేళ్లు పెద్దవాడైన ఒక మిత్రుడున్నారు. నాకు క్రాస్‌విండ్ ల్యాండింగ్, అంటే పక్కగాలిలో దిగడం, నేర్పింది ఆయనే. రెండేళ్ల కిందట ఒక ఉదయం విమానం చుట్టూ తిరిగి తనిఖీ చేస్తూ రెక్క దగ్గర ఆగిపోయారు. ఒక నిమిషం కళ్లు తిరిగాయట. చుట్టూ ఎవరూ లేరు. మెడికల్‌కి ఇంకా ఏడు నెలల గడువుంది. తాళం తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, ‘ఈ రోజు నుంచి నేను నడపను, డాక్టరుకు చెప్పేశాను’ అన్నారు. గుండె కొట్టుకునే తీరులో తేడా ఉందని తర్వాత తేలింది.

ఇప్పటికీ నెలకోసారి ఇద్దరం ఎగురుతాం. ఆయన ప్రయాణికుడిగా నా పక్క సీట్లో కూర్చుని మ్యాపు చూస్తారు, నా ల్యాండింగ్‌కి వంకలు పెడతారు. దిగాక నా లాగ్‌బుక్ అడిగి తీసుకుని ఆ రోజు ప్రయాణం తన చేత్తో రాస్తారు. పైలట్ ఇన్ కమాండ్, అంటే ఆ ప్రయాణానికి బాధ్యుడైన పైలట్, అన్న గడిలో నా పేరు రాసి, సంతకానికి నాకిస్తారు.