మూలలు చెప్పేది భుజాలు చెప్పవు

అందరికీ నమస్కారం. సెలవు రోజు పొద్దున్నే ఇంతమంది పిల్లలు, తల్లిదండ్రులు, టీచర్లు లెక్కల మాట వినడానికి వచ్చారు. చాలా సంతోషం. ఈరోజు బహుభుజుల మూలల గురించి మాట్లాడతాను.

ముందు పెద్దవాళ్లకి ఒక ప్రశ్న. మన హైదరాబాద్‌లో 200 గజాల ప్లాటు అంటే చాలామందికి తట్టే కొలత 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. గుణిస్తే 1800 చదరపు అడుగులు. గజానికి తొమ్మిది చొప్పున సరిగ్గా 200. మీరు ఒక ప్లాటు చూడటానికి వెళ్లారు, నాలుగు వైపులా టేపు పట్టారు. 30, 60, 30, 60 వచ్చాయి. మరి అది 200 గజాలేనా?

కాకపోవచ్చు. ఇదిగో చూడండి, నా చేతిలో నాలుగు అట్ట పట్టీలు ఉన్నాయి. రెండు పొడుగువి, రెండు పొట్టివి. మూలల దగ్గర గుండుసూదులతో కలిపాను. నిటారుగా పట్టుకుంటే దీర్ఘచతురస్రం. పై పట్టీని వేలితో కొంచెం పక్కకి నెడుతున్నాను. మొత్తం వాలిపోయింది. ఏ పట్టీ పొడవూ మారలేదు, చుట్టుకొలత మారలేదు, లోపలి జాగా మాత్రం తగ్గిపోయింది. పూర్తిగా నొక్కేస్తే జాగానే మిగలదు.

దీన్ని ప్లాటు కొలతల్లో చూద్దాం. మూల 90 డిగ్రీలకు బదులు 80 ఉంటే వైశాల్యం దాదాపు 197 గజాలు. 70 ఉంటే 188. అంటే 12 గజాలు పోయినట్టే, పైగా నాలుగు వైపుల కొలతలూ కాగితం మీద ఉన్నట్టే ఉంటాయి. గజం రేటు ఎంత పలుకుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగు వైపులు కొలిచి ఊరుకోవద్దని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

మరి ఏం కొలవాలి? కోణం కొలిచే పరికరం అందరి దగ్గరా ఉండదు, అదే టేపు చాలు. ఐమూలగా, ఈ మూల నుంచి ఎదురు మూలకి పట్టండి. తర్వాత రెండో ఐమూల కూడా కొలవండి. అసలైన 30, 60 దీర్ఘచతురస్రంలో రెండు కర్ణాలూ 67 అడుగుల ఒక అంగుళం వస్తాయి. మూల 80 డిగ్రీలైతే ఒక కర్ణం 71 అడుగుల 7 అంగుళాలు, ఇంకోటి 62 అడుగుల 3 అంగుళాలు. పది డిగ్రీల తేడా కంటికి సరిగా ఆనదు గానీ టేపు మీద తొమ్మిది అడుగులకు పైగా కనిపిస్తుంది. ఎదురెదురు భుజాలు సమానంగా ఉండి, కర్ణాలు కూడా సమానమైతేనే అది దీర్ఘచతురస్రం. రెండూ చూడాలి. కర్ణాలు మాత్రమే సమానంగా ఉంటే సరిపోదు, సమద్విబాహు సమలంబ చతుర్భుజిలో, అంటే రెండు భుజాలు సమాంతరంగా ఉండి, పక్క భుజాలు రెండూ సమానంగా వాలి ఉండే ఆకారంలో కూడా కర్ణాలు సమానమే.

పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ చేసేదీ ఇలాంటిదే. ఒక దారం మీద 3 అడుగులు, రెండో దారం మీద 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు వచ్చేదాకా దారాన్ని జరుపుతాడు. అప్పుడే మూలమట్టం కుదిరినట్టు. పుస్తకంలో పైథాగరస్ సిద్ధాంతం చదివిన పిల్లల్ని ఒక్కసారైనా కట్టుబడి దగ్గరికి తీసుకెళ్లి ఇది చూపించాలని నా కోరిక.

భుజాలు నాలుగూ తెలిసినంత మాత్రాన చతుర్భుజి తెలిసినట్టు కాదని మన పాతవాళ్లు ఘాటుగానే చెప్పారు. 628లో బ్రహ్మగుప్తుడు ఎదురెదురు భుజాల సగటులను గుణించే పద్ధతిని స్థూలమైన లెక్కగా చెప్పాడు. ఇప్పటికీ వంకర ప్లాట్లకి చాలామంది వేసే లెక్క అదే. అది దీర్ఘచతురస్రానికి తప్ప ప్రతిచోటా అసలు కన్నా ఎక్కువే చూపిస్తుంది, కొనేవాళ్లు గుర్తుపెట్టుకోండి. 1150లో లీలావతి రాసిన భాస్కరాచార్యుడైతే కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజి వైశాల్యం అడిగేవాడు పిశాచం అన్నాడు. చెప్పేవాడు అంతకన్నా పెద్ద పిశాచమట!

త్రిభుజానికి ఈ బాధ లేదు. మూడు భుజాలు ఖాయమైతే మూడు మూలలూ ఖాయం. ఇంకెటూ కదలదు. ఇనప గేటుకి ఐమూలగా ఒక పట్టీ వెల్డింగ్ చేసేది, హైటెన్షన్ టవర్లలో అన్ని వాలు కడ్డీలు ఉండేది ఇందుకే.

ఇప్పుడు పిల్లలు లేవండి, నడుద్దాం. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర జంషీద్ కులీ సమాధి ఎనిమిది పలకల కట్టడం. దాని గోడ వెంట బయట నడుస్తున్నామనుకోండి. ప్రతి మూల దగ్గరా కొంచెం తిరగాలి. చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి వచ్చి, మొదట చూసిన దిక్కుకే మళ్లీ చూస్తున్నామంటే ఒక పూర్తి చుట్టు తిరిగినట్టే, అంటే 360 డిగ్రీలు. ఎనిమిది సమాన మూలలకి పంచితే ఒక్కోదానికి 45. లోపలి కోణం 180 లోంచి 45 పోగా 135. చార్మినార్ చుట్టూ నడిస్తే నాలుగు మూలలు, నాలుగు 90లు. భుజాలెన్నయినా, పొడవులు ఎలా ఉన్నా మొత్తం 360 దాటదు, తగ్గదు.

మూల లోపలికి పోతే? ఎల్ ఆకారంలో ఇల్లు ఉంటుంది కదా, దానికి ఆరు మూలలు. గోడ ఎడమచేతి వైపు ఉండేలా నడిస్తే ఐదు మూలల్లో ఎడమకి, ఒక మూలలో కుడికి తిరుగుతాం. ఐదు 90లు 450, అందులోంచి వెనక్కి తిరిగిన 90 తీసేస్తే మళ్లీ 360. ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు ఆనందంగా ఉంటుంది. లోపలి కోణాల మొత్తానికి సూత్రం కూడా ఇక్కడే దొరుకుతుంది: మూలకి 180 చొప్పున వేసి, అందులోంచి 360 తీసేయడమే. టీచర్లకి నా విన్నపం, సూత్రం బోర్డు మీద రాసేముందు పిల్లల్ని గ్రౌండులో నడిపించండి.

ఇక టైల్స్. ఒక బిందువు చుట్టూ 360 డిగ్రీలు నిండితేనే సందు లేకుండా అతుకుతాయి. క్రమ షడ్భుజి, అంటే భుజాలూ మూలలూ అన్నీ సమానంగా ఉన్న ఆరు భుజాల ఆకారం, దాని మూల 120, మూడు చేరితే నిండిపోతుంది. క్రమ పంచభుజి మూల 108, మూడు పెడితే 324, ఇంకా 36 డిగ్రీల సందు మిగులుతుంది. అష్టభుజులు రెండు చేరితే 270, మిగిలిన 90లో ఒక చిన్న చదరం సరిగ్గా పడుతుంది.

క్రమంగా లేని పంచభుజుల్లో కొన్ని మాత్రం అతుకుతాయి. అవెన్ని రకాలు అన్నది చాలాకాలం తేలలేదు. 1970లలో అమెరికాలోని శాన్ డియెగోలో మార్జరీ రైస్ అనే గృహిణి ఒక పత్రికలో ఈ సంగతి చదివి, ఇంట్లో కూర్చుని కోణాల మధ్య సంబంధాలు రాసుకుంటూ నాలుగు కొత్త రకాలు కనిపెట్టారు. ఆమె లెక్కల చదువు హైస్కూలుతోనే ఆగింది. పదిహేనో రకం 2015లో దొరికింది. కుంభాకార పంచభుజుల్లో, అంటే ఏ మూలా లోపలికి పోని వాటిలో, ఇంతకు మించి లేవని 2017లో ఫ్రాన్స్ పరిశోధకుడు మైకేల్ రావ్ కంప్యూటర్ సాయంతో నిరూపించారు.

చతుర్భుజికి ఇన్ని షరతులు లేవు. ఎంత వంకరదైనా నాలుగు మూలలూ కలిపితే 360 కాబట్టి, ఒకే అచ్చులో కోసిన ముక్కలతో నేలంతా పరచవచ్చు. వెనక బల్ల మీద అట్టలు, కత్తెర్లు పెట్టాం. పిల్లలూ, మీకు తోచిన వంకర చతుర్భుజి ఒకటి గీసి, దాన్ని అచ్చుగా పెట్టి పన్నెండు ముక్కలు కోయండి. ప్రతి మూలకీ ఒక రంగు వేయండి, అన్ని ముక్కల్లోనూ అదే మూలకి అదే రంగు ఉండాలి. నాలుగు రంగులూ ఒక చోట కలిసేలా పేర్చాలి. అతకకపోతే ముక్కని సగం చుట్టు తిప్పి పెట్టి చూడండి.