స్టాంపు కొట్టని టికెట్టు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైమ్ కాస్తా అయిపోతుంది, వాళ్ళు మన్నించాలి. ఈ వేసవి సెమిస్టర్‌కి బెర్లిన్ వచ్చిన పిల్లలకి తొలి నెలలో తెలియాల్సిన విషయాలు చెప్పమన్నారు. ఇంటి అద్దె, బ్యాంకు అకౌంటు, ఇన్సూరెన్స్ గురించి చెప్పేవాళ్ళు నా తర్వాత ఉన్నారు. నేను రైలు టికెట్టు గురించే మాట్లాడతాను.

ఈ ఊళ్ళో స్టేషన్లకి గేట్లు లేవు. హైదరాబాద్ మెట్రోలో కార్డు పెడితే గానీ దారి తెరుచుకోదు. ఆర్టీసీ బస్సులో కండక్టరే మన సీటు దగ్గరికి వస్తాడు. ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితమైనా సరే, చేతిలో జీరో టికెట్ పెట్టాకే ముందుకి కదులుతాడు. ఇక్కడ మెట్లు దిగితే నేరుగా ప్లాట్‌ఫామ్, ఎదురుగా రైలు. ఎవరూ ఆపరు, ఏమీ అడగరు. టికెట్టు కొనే బాధ్యత, సరైనది ఎంచుకునే బాధ్యత మొత్తం మన మీదే ఉంటుంది.

ముందు జోన్ల సంగతి. ఊరి నడిబొడ్డు చుట్టూ తిరిగే ఎస్-బాన్ అనే లోకల్ రైలు రింగు లోపలున్నది 'ఏ' జోన్. రింగు దాటి నగరం హద్దు దాకా బీ. హద్దు బయట సీ. 2020లో తెరిచిన కొత్త విమానాశ్రయం హద్దు బయటే ఉంది, అంటే సీ జోన్. విమానం దిగగానే మిషన్ దగ్గర ఏబీ టికెట్టు కొని రైలెక్కితే అది చెల్లదు, ఏబీసీ కొనాలి. ఏబీ టికెట్టు 2024లో మూడున్నర యూరోలు, ఈ 2026లో 4. రెండు గంటల పాటు ఎన్ని బళ్ళు మారినా పరవాలేదు కానీ ఒకే దిశలో వెళ్ళాలి. కూరగాయలు కొనుక్కుని అదే టికెట్టుతో వెనక్కి రాకూడదు. మూడు స్టేషన్ల లోపే అయితే తక్కువ ధరకి చిన్న టికెట్టు ఉంది. బస్సులో, ట్రామ్‌లో అయితే అది ఆరు స్టాపుల దాకా పనిచేస్తుంది.

తర్వాత నెల టికెట్టు గురించి చెప్పాలనుకున్నాను. కానీ దానికి ముందు ఒకావిడ గురించి చెప్పాలి.

కరీంనగర్ వైపు నుంచి కూతురి పురుటికి వచ్చిన ఆవిడ. ఆ రోజు ఆస్పత్రికి నేనూ వాళ్ళతో వెళ్తున్నాను. వాళ్ళు ఒక స్టేషన్ ముందే ఎక్కారు, నేను తర్వాత ఎక్కాను. ఆవిడ మిషన్‌లో డబ్బు వేసి, టికెట్టు తీసుకుని, జాగ్రత్తగా కొంగుకి ముడి వేసుకున్నారు. రెండు స్టేషన్లు దాటాక మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు లేచి బిళ్ళలు చూపించారు. తనిఖీ వాళ్ళు. ఆవిడ ముడి విప్పి టికెట్టు తీసి ఇచ్చారు. దాని మీద స్టాంపు లేదు. అరవై యూరోలు కట్టమన్నారు. కూతురు ఎంత చెప్పినా వినలేదు. ఆవిడ మాత్రం, "పైసలు కట్టినం కదా బిడ్డా, కాయితం చూడుమను" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు. అరవై యూరోలంటే దగ్గర దగ్గర ఆరు వేల రూపాయలు. ఆవిడ బాధ డబ్బు గురించి కాదు. నలుగురి ముందు దొంగని చేశారన్నది ఆవిడ బాధ.

ప్లాట్‌ఫామ్ మీద ఎర్రగానో పసుప్పచ్చగానో ఒక పెట్టె ఉంటుంది. కొన్న టికెట్టుని అందులో దూర్చితే తేదీ, టైమ్ పడతాయి. అప్పటి నుంచే అది టికెట్టు. ఈ నిబంధనకి కారణం ఉంది, ఒప్పుకుంటాను. స్టాంపు లేకపోతే అదే కాగితం రేపూ ఎల్లుండీ వాడుకోవచ్చు. కానీ మన పేరు రాసున్న నెల టికెట్టు ఇంట్లో మర్చిపోతే, తర్వాత తీసుకెళ్ళి చూపించి 7 యూరోలతో బయటపడే వీలు ఇచ్చారు కదా! డబ్బిచ్చి కొన్న ముసలావిడకి ఆ పాటి దయ ఎందుకు లేదు? ఇది నేను ఎన్ని సభల్లోనైనా అడుగుతాను.

ఇప్పుడు సీనియర్లతో ఒక మాట. "చెకింగ్ ఎప్పుడో గానీ రాదు, నెలకి ఒకసారి దొరికినా లాభమే" అని కొత్త పిల్లలకి లెక్కలు చెప్తున్నారు మీలో కొందరు. దయచేసి ఆపండి. ఇక్కడ టికెట్టు లేకుండా ఎక్కడం శిక్షాస్మృతిలో నేరం. ఆ సెక్షన్ 1935లో చేర్చారు, ఇవాళ్టికీ ఉంది. ఏడాది దాకా జైలు శిక్ష వేయొచ్చు. మళ్ళీ మళ్ళీ దొరికితే కేసు పెడతారు. జరిమానా కట్టలేక జైలుకి వెళ్తున్న పేద జర్మన్లున్నారు, దీన్ని నేరాల జాబితా నుంచి తీసేయాలని ఇక్కడివాళ్ళే పోరాడుతున్నారు. నా మద్దతు వాళ్ళకే. కానీ చట్టం మారేదాకా, వీసా మీద బతికే పిల్లవాడికి ఈ లెక్క చెప్పడం అన్యాయం. అమ్మానాన్నలు అప్పు చేసి పంపిన పిల్లలు వీళ్ళు.

నెల టికెట్టుకి వస్తాను. ముందు మీ యూనివర్సిటీ ఫీజులో సెమిస్టర్ టికెట్టు కలిసి ఉందేమో చూడండి. ప్రైవేటు యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఉండదు. లేకపోతే డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోండి. 2023 మేలో 49 యూరోలకి మొదలైంది, ఇప్పుడు 63. నెలకి పదహారు ఏబీ టికెట్లు కొనేవాళ్ళకి ఇదే చవక. జోన్ల టెన్షన్ లేదు, స్టాంపు గొడవ లేదు, విమానాశ్రయానికీ చెల్లుతుంది. దేశమంతా లోకల్ రైళ్ళలో, రీజినల్ రైళ్ళలో తిరగొచ్చు. ఐసీ, ఐసీఈ లాంటి దూరప్రాంతపు స్పీడ్ రైళ్ళు మాత్రం ఎక్కకూడదు. ఇంకొకటి, ఇది తనంతట తనే ప్రతి నెలా కొనసాగుతుంది. సెలవులకి ఇండియా వెళ్తుంటే ఆ ముందు నెల 10వ తేదీ లోపే రద్దు చేయండి.

వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడిందా? పదో తేదీ లోపు.

సభ అయ్యాక నేను స్టేషన్‌లో ఆ పెట్టె పక్కనే ఉంటాను. ఎప్పుడూ స్టాంపు కొట్టనివాళ్ళు రండి, చూపిస్తాను. మీ అమ్మలు, అత్తలు ఇప్పుడు ఇక్కడే ఉంటే వాళ్ళనీ తీసుకురండి. టికెట్టు వాళ్ళ చేతే కొట్టిద్దాం.