కేసు షీటు మీద ఒక చిన్న అంకె

శ్రోతలకు నమస్కారం.

నెల తప్పి మొదటిసారి ఆసుపత్రికి వచ్చిన వాళ్ళని మేం ముందుగా అడిగే మాట ఒకటుంది. "ఇది ఎన్నోదమ్మా?" ఆ జవాబుని బట్టి కేసు షీటు పైన కొన్ని అక్షరాలు, పక్కన అంకెలు రాస్తాం. జి అంటే ఎన్నోసారి గర్భం. పి అంటే ఎన్ని కాన్పులు. ఏ అంటే ఎన్ని అబార్షన్లు, తనంతట తాను పోయినవి కూడా ఇందులోకే వస్తాయి. ఇవాళ నేను మాట్లాడేది ఆ 'ఏ' గురించే.

ఆ మధ్య ఒకమ్మాయి అత్తగారితో వచ్చింది. ఏడో వారం. నేనడిగింది అమ్మాయిని, చెప్పింది అత్తగారు. "మొదటిదేనమ్మా." అమ్మాయి చేతిరుమాలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. జి1 అని రాశాను. స్కానింగ్ డబ్బులు కట్టడానికి ఆవిడ కౌంటరు దగ్గరికి వెళ్ళారో లేదో, ఈ పిల్ల నోరు విప్పింది. "మేడమ్, పోయినేడు ఒకటి పోయింది. మూడో నెల్లో. ఎవరికీ చెప్పొద్దన్నారు." ఆ వెంటనే, "నేను బస్సులో పుట్టింటికి వెళ్ళాను, అందుకే పోయిందా?"

ఏడాదిగా ఆ బస్సు ప్రయాణాన్నే తలుచుకుంటూ ఉందన్నమాట.

కాదమ్మా. బస్సెక్కినందుకు కాదు, బిందె ఎత్తినందుకూ కాదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం, పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే పోతాయి. చాలావరకు అది ఆ ఒక్కసారికి జరిగే పొరపాటు. గర్భం అని తెలిశాక కూడా నూటికి 10 నుంచి 20 నిలవవు. ఒకసారి పోయిన వాళ్ళలో ఎక్కువమందికి తర్వాతిది బాగానే నిలుస్తుంది. ఎక్కువమందికి. కావాలనే రెండోసారి అంటున్నాను.

సరే, జి1 కొట్టేసి జి2, ఏ1 అని రాశాను. పది రోజులకి ఆ అమ్మాయే మళ్ళీ వచ్చింది, కొంచెం బ్లీడింగ్ కనబడిందని. కాళ్ళూ చేతులూ ఆడట్లేదు పాపం. అప్పుడు పనికొచ్చింది ఆ అంకె.

బ్రిటన్‌లో మొదటి నెలల్లో బ్లీడింగ్ అయిన 4 వేల మందికి పైగా గర్భిణులతో ఒక పరిశోధన చేశారు. 2019లో ఫలితాలొచ్చాయి. సగం మందికి ప్రొజెస్టెరాన్, అంటే గర్భం నిలవడానికి ఒంట్లో ఉండాల్సిన హార్మోను, మందుగా ఇచ్చారు, సగం మందికి ఉత్తుత్తి మందు. అందరినీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ అంతకుముందు మూడుసార్లో, ఇంకా ఎక్కువో పోయిన వాళ్ళలో, మందు వాడితే నూటికి 72 మందికి బిడ్డ దక్కింది, వాడకపోతే 57 మందికి. ఒక్కసారైనా పోయిన వాళ్ళందరినీ లెక్కేస్తే 75, 70. తేడా చిన్నదే, కానీ ఉంది.

గమనించండి, పాత గర్భస్రావం ఉండాలి, ఇప్పుడు బ్లీడింగూ ఉండాలి. రెండూ ఉండాలి. మన దగ్గరేమో నెల తప్పిందంటే చాలు, అందరికీ ఆ మాత్రలు రాసేస్తున్నాం. పరాయివాళ్ళని కాదు, మా డాక్టర్లనే అంటున్నాను. వరసగా గర్భాలు పోయిన వాళ్ళకి బ్లీడింగ్ లేకుండానే ముందుజాగ్రత్తగా ఇచ్చి చూశారు, 2015లో ఆ ఫలితాలు వచ్చాయి. లాభం కనబడలేదు.

ఏ1 ఉంది కాబట్టి ఈ అమ్మాయికి రాశాను. నెలలు నిండాక పాప పుట్టింది. మందు వల్లే నిలిచిందని మాత్రం నేననను. మందు లేకుండా కూడా 70 మందికి దక్కిందిగా!

అందుకని నేనడిగేది ఒక్కటే. ఇదివరకు పోయిన సంగతి దాచకండి. పాత స్కానింగ్ కాగితం ఉంటే ఫైల్లో పెట్టుకుని రండి. లేకపోతే ఎన్నో నెలలో పోయిందో చెప్పినా చాలు. మీ రక్తం గ్రూపు నెగెటివ్ అయితే, అప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్, అదే తర్వాతి బిడ్డకి రక్తం గ్రూపు తేడాతో ఇబ్బంది రాకుండా వేసేది, వేశారో లేదో కూడా చెప్పండి. పెద్దవాళ్ళ ముందు నోరు రాకపోతే, లోపల బరువు చూసేటప్పుడు నర్సమ్మ చెవిన వేయండి. కేసు షీటు ఆవిడ చేతిలోనే ఉంటుంది.