వానొస్తే ట్రాక్టర్, ఎండొస్తే ట్యాంకర్: బెంగళూరు అపార్ట్‌మెంట్లకి ఇంకుడుబావి పాఠం

[00:00]
దృశ్యం: రాత్రి వాన. గోడ వెంట దిగే నాలుగంగుళాల పీవీసీ పైపు. దాని మూతిలోంచి నీళ్ళు దూకి, సిమెంటు నేల మీద జారి, గేటు దాటి రోడ్డెక్కుతున్నాయి.

వాయిస్: ఈ పైపుని కాస్త గమనించండి. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 1 మి.మీ. వాన పడితే 100 లీటర్లు. గంటలో 40 మి.మీ. కురిస్తే 4,000 లీటర్లు. తడికీ ఆవిరికీ పోయింది తీసేసినా 3,500 లీటర్లు ఈ పైపు దిగుతాయి. సెప్టెంబర్‌లో ఆ నీళ్ళు పల్లపు వీధిలో మోకాలి లోతు నిలుస్తాయి. మార్చి వచ్చేసరికి అదే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "ట్యాంకర్ నంబరుంటే పెట్టండి ప్లీజ్" అని మొదలవుతుంది.

[00:40]
దృశ్యం: రెండు ఫొటోలు పక్కపక్కన. ఎడమ పక్క, నీట మునిగిన లేఅవుట్‌లో ట్రాక్టర్. కుడి పక్క, బిందెల వరస.

వాయిస్: గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. పట్టుకున్నదాన్ని కుండపోతగా దించేస్తుంది. అందుకే వానలు పడే రోజులు తక్కువైనా పడ్డ రోజు దంచికొడుతుంది. బెంగళూరు ఏడాది సగటు వాన 970 మి.మీ. దరిదాపు. 2022లో అది 2017 నాటి 1,696 మి.మీ. రికార్డును కూడా దాటేసింది. ఆ సెప్టెంబర్ 4 రాత్రి కురిసిన వానకి మర్నాడు పొద్దున లెక్క తీస్తే 131.6 మి.మీ. ఐటీ ఉద్యోగులు ట్రాక్టరెక్కి ఆఫీసులకి వెళ్ళింది అప్పుడే. ఆ మరుసటేడు, 2023లో, పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో తోడై వాన మొహం చాటేసింది. 2024 మార్చిలో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం నగరంలోని దాదాపు 14,000 ప్రభుత్వ బోర్లలో సుమారు 6,900 ఎండిపోయాయి.

అయితే తప్పంతా వాతావరణం మీదికి నెట్టేస్తే చెరువుల్ని కలిపే రాజకాలువల మీద ఇళ్ళు లేపినవాళ్ళు హాయిగా నవ్వుకుంటారు. చెరువు నుంచి చెరువుకి పారాల్సిన నీటికి దారి మూసింది మేఘం కాదు.

[01:35]
దృశ్యం: తెర మీద మూడు అంకెలు, ఒకదాని కింద ఒకటి.

వాయిస్: ఈ కరువు అందరికీ ఒక్క ధరకి రాదు. 2024లో కావేరి నల్లా కనెక్షన్ ఉన్న ఇంటికి మొదటి స్లాబులో 1,000 లీటర్లు 7 రూపాయలు. ఆ మార్చిలో జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకి నిర్ణయించిన ధర, దగ్గరి దూరానికి 6,000 లీటర్లు 600 రూపాయలు. అంటే 1,000 లీటర్లు 100 రూపాయలు. క్యాను పట్టుకుని ఆర్వో ప్లాంటు ముందు నిలబడే మనిషికి అప్పట్లో 20 లీటర్లు 5 రూపాయలు, అంటే 1,000 లీటర్లు 250. రేకుల షెడ్డులో ఉండే మేస్త్రీ కుటుంబం తాగే నీళ్ళకి లీటరు లెక్కన, కనెక్షన్ ఉన్న ఇంటికంటే ముప్ఫై అయిదు రెట్లు కట్టింది. వరసలో నిలబడి పోగొట్టుకున్న పూట కూలి దీనికి అదనం.

కావేరి నీళ్ళు రావాలంటే సుమారు 100 కి.మీ. దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కాలి. 2024 అక్టోబర్‌లో మొదలైన అయిదో దశ రోజుకి మరో 77.5 కోట్ల లీటర్లు తెచ్చేందుకు కట్టింది. మంచిదే. కానీ కావేరిలో నీళ్ళు నిండాలన్నా వానే కావాలి కదా.

[02:20]
దృశ్యం: తవ్వుతున్న బావి, పైనుంచి. లోపల ఒక మనిషి పొట్టి పార పట్టుకుని ఉన్నాడు. తాడుకి కట్టిన బొచ్చెలో ఎర్రమట్టి పైకొస్తోంది.

వాయిస్: ఇది ఇంకుడుబావి, మిద్దె మీది వాననీటిని భూమిలోకి ఇంకించే బావి. ఇంకుడుగుంత మనకి తెలుసు, కానీ బెంగళూరు నేలకి గుంత లోతు చాలదు. పైన ఎర్రమట్టి, దాని కింద పొడిరాయి, అంటే శిథిలమైన గ్రానైటు, ఆ కింద గట్టి రాయి. నీళ్ళు నిలవుండే పై పొర ఆ పొడిరాయిలో ఉంటుంది. బావి అక్కడిదాకా దిగాలి.

ఇక్కడ తరతరాలుగా బావులు తవ్వేది మన్ను వడ్డర్లు. మన వైపు వడ్డెరలంటాం. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు యాసే. కాబట్టి కన్నడం సరిగా రాదని వెనుకాడకండి, బేరం మన భాషలోనే కుదురుతుంది. మట్టి వాసన, రంగు చూసి ఎంత లోతులో రాయి తగులుతుందో చెప్పగలిగే మనుషులు. జేసీబీ పిలిచే ముందు వాళ్ళని పిలవండి.

[03:05]
దృశ్యం: సిమెంటు వర దగ్గరగా. పక్కన కొలతల టేపు.

వాయిస్: కొలతలు రాసుకోండి. 100 చదరపు మీటర్ల మిద్దెకి 3 అడుగుల వ్యాసం, 20 అడుగుల లోతు బావి. ఇందులో పట్టేది 4,000 లీటర్లు. ఇందాకటి గంట వాన మొత్తం పడుతుంది. తవ్వేది మాత్రం 4 అడుగుల వెడల్పున తవ్వాలి. ఒక్కొక్కటి అడుగు ఎత్తుండే వరలు, అంటే సిమెంటు రింగులు, 21 దించాలి. చివరిది నేలకి అడుగు పైన నిలుస్తుంది, రోడ్డు మురికి లోపలికి పారకుండా.

వరకీ మట్టికీ మధ్య మిగిలిన సందు నిండా కంకర పోయాలి. ఇక్కడ దాన్నే జల్లి అంటారు. 20 నుంచి 40 మి.మీ. సైజు, సుమారు 70 ఘనపుటడుగులు పడుతుంది. పైనున్న రెండడుగుల్లో మాత్రం కంకర వద్దు, బంకమట్టితో బిగించండి. వరల మధ్య సిమెంటు పుయ్యకూడదు. అడుగున కాంక్రీటు వెయ్యకూడదు. ఈ రెండు మాటలు మేస్త్రీకి ముందే చెప్పాలి. చెప్పకపోతే పనితనం చూపించాలని నున్నగా పూసేస్తాడు, మీకు బావి బదులు సంపు తయారవుతుంది.

ఇంకొకటి, ఎవరూ ముందు ఆలోచించనిది: తవ్విన మట్టి. ఇంత బావికి 250 ఘనపుటడుగుల మట్టి వస్తుంది, బయటికి తీశాక పొంగి 300 దాటుతుంది. మూడు ట్రాక్టర్ల లోడు. ఎక్కడికి పంపాలో ముందే చూసుకోకపోతే అది వెళ్ళి వీధి కాలువలో పడుతుంది.

[04:05]
దృశ్యం: ఆవరణ ప్లాను. సెప్టిక్ ట్యాంకు చుట్టూ ఎర్ర గీత.

వాయిస్: చోటు. సెప్టిక్ ట్యాంకుకి కనీసం 15 మీటర్లు, పునాదికి 3 మీటర్లు దూరం. పూడ్చిన చెరువు మీద వేసిన లేఅవుటైతే ముందు ఒకచోట తవ్వి చూడండి. పది అడుగుల్లోనే నీళ్ళు ఊరితే అక్కడ ఇంకుడుబావి దండగ, మట్టి కూడా విరిగిపడుతుంది. తవ్వకం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు. లోపల మనిషి ఉన్నంతసేపు పైన ఇద్దరుండాలి, నడుముకి తాడుండాలి. పాత బావి పూడిక తీసేటప్పుడు బ్లోయరుతో గాలి కొట్టకుండా ఎవర్నీ దించొద్దు. అడుగున ఊపిరాడదు, అరిచే వ్యవధి కూడా ఉండదు. పని ఆపిన ప్రతి సాయంత్రం ఇనప జాలీ మూయాలి. అందరి పిల్లలూ ఆడేది అక్కడే.

[04:45]
దృశ్యం: మిద్దె. మొదటి వానకి పైపులోంచి టీ రంగు నీళ్ళు.

వాయిస్: ఇప్పుడు ఎక్కువ బావులు ఎందుకు చెడతాయో చూద్దాం. తొలి వాన మిద్దె మీది దుమ్ము, పావురాల రెట్ట, ఆకులు అన్నీ కడిగి తెస్తుంది. మొదటి 1 మి.మీ. బయటికి వదలాలి. మన మిద్దెకి అది 100 లీటర్లు. చాలాచోట్ల దీనికోసం ఆరంగుళాల పైపు మూడడుగుల ముక్క బిగిస్తారు. దాంట్లో పట్టేది 16 లీటర్లు! 100 లీటర్లకి అదే పైపు దాదాపు 19 అడుగులుండాలి. అంతకంటే దిగుడు పైపుకి ఒక వాల్వు పెట్టి, వాన మొదలయ్యాక అయిదు నిమిషాలు తెరిచి ఉంచి మూసేయడం చౌక. గంటకు 20 మి.మీ. లెక్కన కురిసినా ఆ అయిదు నిమిషాల్లో దాదాపు 1.7 మి.మీ. కొట్టుకుపోతుంది.

తర్వాతది ఒండ్రు. బావికి ముందు రెండడుగుల చదరం, రెండడుగుల లోతు గల చిన్న తొట్టి కట్టండి. నీళ్ళు అందులో నిదానించి, మట్టి దించుకుని, జాలీ గుండా బావిలోకి పోవాలి. సన్న ఇసుకతో నింపిన డ్రమ్ము ఫిల్టర్లు ఇంకుడుబావికి పనికిరావు. సంపులోకి పంపే నీళ్ళకైతే సరే. జడివాన వేగానికి ఇసుక తట్టుకోదు, నీళ్ళు పైనుంచి పొంగి ఊరికే పోతాయి.

[05:35]
దృశ్యం: వానలో పొంగుతున్న మ్యాన్‌హోల్.

వాయిస్: బావి నిండితే మిగిలిన నీళ్ళు పోయే పైపు వానకాలువలోకే కలపాలి, యూజీడీలోకి, అంటే భూగర్భ మురుగు లైనులోకి కాదు. మిద్దె నీళ్ళని మురుగు లైనుకి కలిపేసిన ఇళ్ళ వల్లే వానొచ్చినప్పుడు పల్లంలో ఉన్నవాళ్ళ బాత్‌రూముల్లోకి మురుగు ఎదురెక్కుతుంది. వాషింగ్ మెషిన్ నీళ్ళు, ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) నీళ్ళు, కార్లు నిలిపే చోటి నూనె నీళ్ళు, ఏవీ బావిలోకి రాకూడదు. ఒకసారి భూమిలోకి దిగిన సబ్బు తిరిగి పైకి రాదు.

[06:00]
దృశ్యం: పక్కపక్కన 20 అడుగుల బావి, 1,200 అడుగుల బోరు, గీతల బొమ్మ.

వాయిస్: "బావి తవ్వాం, బోరులో మాత్రం నీళ్ళు పెరగలేదు" అనే ఫిర్యాదు మామూలే. పెరగకపోవడానికి కారణముంది. బోరు వేసేటప్పుడు గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించుతారు. పై పొర నీళ్ళని అది అడ్డుకుంటుంది. మీరు నింపింది పై పొర. లోతు పగుళ్ళకి అది చేరేసరికి ఏళ్ళు పట్టొచ్చు, చేరకనూపోవచ్చు. ఇంకించిన నీళ్ళు మళ్ళీ వాడుకోవాలంటే అదే ఆవరణలో, లేదా వీధికొకటి, తోడుకునే బావి ఉండాలి. కబ్బన్ పార్కులో 7 పాత బావులకి పూడిక తీసి, చుట్టూ ఇంకుడుబావులు తవ్వి, మొక్కలకి ఆ నీళ్ళే వాడేలా చేసింది ఈ లెక్కతోనే.

ఖర్చు అడుగు లెక్కన మాట్లాడుకోండి: తవ్వకం ఒక రేటు, వర ఒక రేటు, రాయి తగిలితే వేరే రేటు. మొత్తం కలిపి ఒకే అంకె చెప్పేవాళ్ళు రాయి తగలగానే పదిహేనడుగులకే ఆపేస్తారు. వస్తువులన్నీ కళ్ళతో చూడాలంటే జయనగర్‌లో బెంగళూరు నీటి బోర్డు బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ వాళ్ళ వాననీటి థీమ్ పార్కుంది. అసోసియేషన్ కమిటీని ఓ ఆదివారం వెంటబెట్టుకెళ్తే సగం వాదనలు అక్కడే తెగిపోతాయి.

[06:50]
దృశ్యం: వాచ్‌మన్ గది గోడకి వేలాడే పలక. సుద్దముక్కతో రాసిన తేదీలు.

వాయిస్: పూర్వం చెరువు తూము తెరిచి మూసే మనిషిని నీరుగంటి అనేవారు. మీ అపార్ట్‌మెంటుకీ ఒక నీరుగంటి కావాలి. పేరు రాసి పెట్టాలి, నెలకింత అని ఇవ్వాలి. "అందరం చూసుకుందాం" అంటే ఎవరూ చూడరు, రెండో వానకే వాల్వు తుప్పుపడుతుంది. చేతిలో ఉండాల్సిన పని ఇది: వాన మొదలైతే వాల్వు, వానాకాలమంతా పదిహేను రోజులకోసారి తొట్టిలో ఒండ్రు, మే నెలలో మిద్దె ఊడ్పు, అదే నెలలో బావి అడుగున పేరుకున్న బురద. దోమలు రాకుండా మూతకి సన్న జాలీ.

[07:25]
దృశ్యం: బావి లోపల, టార్చి వెలుగులో. వర మీద రంగుతో అడుగుల గుర్తులు. నీళ్ళు పదకొండో గుర్తు దగ్గర.

వాయిస్: వాన వెలిసిన రాత్రి మట్టం రాయండి, పొద్దున మళ్ళీ రాయండి. మంచి బావి ఒక రోజులో ఖాళీ అవుతుంది. రెండు రోజులైనా నీళ్ళు కదలకపోతే అడుగున బురద గట్టిపడినట్టే, వచ్చే వానకి ముందే వడ్డెర మేస్త్రీకి ఫోన్ చెయ్యండి.

దృశ్యం: తెల్లవారింది. అదే వర. తడి గీత పదకొండో గుర్తు దగ్గరే ఉంది, నీళ్ళు మాత్రం రెండో గుర్తు దగ్గర.