మాగవిస్కా చెప్పిన యుద్ధం

అందరికీ నమస్కారం.

ఒక రాత్రి సంగతితో మొదలుపెడతాను. అమెరికాలోని మసాచుసెట్స్‌లో, అడవి అంచున ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం ఇల్లు. దాడి జరుగుతుందేమోనన్న భయంతో ఎవరెల్ అనే కుర్రాడు కాపలా కాస్తున్నాడు. ఆ ఇంట్లో పనిచేసే మాగవిస్కాకీ ఆ రాత్రి నిద్ర లేదు. ఆమె పీక్వాట్ అనే ఆదివాసీ తెగ నాయకుడి కూతురు, యుద్ధంలో బందీగా పట్టుబడిన పిల్ల. ఇద్దరి మాటల్లో మిస్టిక్ కోట సంగతి వస్తుంది. ఎవరెల్ ఆ కథ అంతకుముందే విన్నాడు, కానీ గెలిచినవాళ్ల నోట. ఓడినవాళ్ల నోట వినడం ఇదే మొదలు.

1827లో వచ్చిన ‘హోప్ లెస్లీ’ నవలలో నాలుగో అధ్యాయం ఇది. రచయిత్రి కేథరిన్ మరియా సెడ్జ్‌విక్.

అసలు జరిగిందేమిటంటే, 1637 మే 26 తెల్లవారుజామున, ఇప్పటి కనెటికట్‌లో, ఇంగ్లీషు సేనానులు జాన్ మేసన్, జాన్ అండర్‌హిల్ తమ సైనికులతో మిస్టిక్ దగ్గరి పీక్వాట్ కోట మీద పడ్డారు. మోహెగన్, నారగాన్సెట్ అనే వేరే ఆదివాసీ తెగల యోధులు కూడా వాళ్ల వెంట ఉన్నారు. కోట అంటే రాతి కోట కాదు. చుట్టూ దుంగల దడి, లోపల చాపలు కప్పిన గుడిసెలు. లోపలికెళ్లి పోరాడటం కష్టమయ్యేసరికి మేసన్ ఒక గుడిసెలోంచి కొరివి తీసి చాపలకు అంటించాడు. గాలికి మంట కోటంతా పాకింది. బయటికి ఉరికినవాళ్లను దడి చుట్టూ కాచుకున్నవాళ్లు చంపారు. 400 మందికి పైగా పోయారు, ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువ. ఇంగ్లీషువాళ్లలో చనిపోయింది ఇద్దరు. మరుసటి ఏడాది హార్ట్‌ఫర్డ్ ఒప్పందంలో, ఇకమీదట ఎవరూ పీక్వాట్‌లమని చెప్పుకోకూడదని రాసుకున్నారు.

సెడ్జ్‌విక్ దగ్గరున్నది గెలిచినవాళ్లు రాసిపెట్టిన చరిత్రలే. ఆనాటి మసాచుసెట్స్ గవర్నర్ విన్‌త్రాప్ రాతలూ, హబ్బర్డ్ చరిత్రా చదివింది. వాటిలో ఒక తల్లి కనిపిస్తుంది. పీక్వాట్ నాయకుడు మోనోనోట్టో భార్య. పట్టుబడ్డాక ఆమె కోరినవి రెండే: నా మానం కాపాడండి, నా పిల్లల్ని నా నుంచి విడదీయకండి. ఆమెను దయగా చూడమని విన్‌త్రాప్ చెప్పాడు. చరిత్రలో ఆ తల్లికి దక్కిన చోటు అంతే. సెడ్జ్‌విక్ ఆ తల్లికి మాగవిస్కా అనే కూతుర్ని ఇచ్చి, ఆ కూతురి చేత యుద్ధం కథ చెప్పించింది. ఈ ఒక్క పని కోసమైనా ఆ నవల అంటే నాకు ప్రాణం.

ఈ చూపు ఆమెకు ఎక్కడిది? 1789లో ఆమె పుట్టిన స్టాక్‌బ్రిడ్జ్, మోహికన్ తెగ ఆదివాసుల కోసం మిషనరీలు ఏర్పాటు చేసిన ఊరు. ఆమె పుట్టే నాటికే మోహికన్ల భూములు వలసదారుల చేతుల్లోకి పోయాయి. ఆ భూములు చేజిక్కించుకున్నవాళ్లలో ఆమె అమ్మ తరఫు పెద్దలూ ఉన్నారు. ఇంట్లో ఆమెను పెంచింది ఎలిజబెత్ ఫ్రీమన్. బానిసగా ఉండి, 1781లో కోర్టుకెక్కి స్వేచ్ఛ గెలుచుకున్న మనిషి. ఆ కేసు వాదించింది కేథరిన్ నాన్నే. ఇప్పటికీ సెడ్జ్‌విక్ కుటుంబ శ్మశానంలో ఫ్రీమన్, కేథరిన్ ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి.

నవల ముగింపు మాత్రం నాకు మింగుడుపడదు. పగలూ రాత్రీ కలవనట్టే తెల్లవాళ్లూ మేమూ కలవలేమని చెప్పి మాగవిస్కా పడమటి అడవుల్లోకి వెళ్లిపోతుంది. నవల వచ్చిన మూడేళ్లకే, 1830లో, ఆదివాసులను మిసిసిపీ నదికి అవతలికి పంపేసే చట్టం వచ్చింది. తనంతట తానే వెళ్లిపోయే నాయిక ఆనాటి పాఠకుల మనసుకు ఎంత తేలికగా ఉండి ఉంటుందో! నిజజీవితంలో పీక్వాట్‌లు ఎటూ పోలేదు. కనెటికట్‌లోనే ఉన్నారు. మషాన్‌టకెట్ పీక్వాట్‌లకు 1983లో అమెరికా ప్రభుత్వ గుర్తింపు కూడా వచ్చింది.

అయినా బోస్టన్ కోర్టు సీన్ దగ్గరికొస్తే నా గొంతు పట్టేస్తుంది. అంతకుముందు ఎవరెల్‌ను చంపబోతున్న తన తండ్రి గొడ్డలికి అడ్డుపడి, మాగవిస్కా ఒక చెయ్యి పోగొట్టుకుంది. ఇప్పుడు ఆమె మీదే విచారణ. పైన కప్పుకున్న వస్త్రం తొలగించి, తెగిన చెయ్యి సభకు చూపించి, గవర్నర్ వైపు తిరుగుతుంది. ప్రాణం పోతున్న మా అమ్మకు, నీ పిల్లల్ని దయగా చూస్తానని మాట ఇచ్చావు. ఆమె పేరు మీద అడుగుతున్నాను, చావైనా ఇవ్వు, స్వేచ్ఛైనా ఇవ్వు అంటుంది.