జీతం పెంచినా గుమస్తాకి పని మీద మనసు లేదు, ఎందుకు?

యాంకర్: నమస్కారం. ఉద్యోగంలో తృప్తికీ, యజమాని మీద విశ్వాసానికీ ఉన్న సంబంధం ఈ రోజు మన అంశం. మానవ వనరుల నిపుణురాలు స్టూడియోలో ఉన్నారు. గుంటూరు నుంచి లైన్లో ఎవరండీ?

కాలర్: నమస్తే అమ్మా. మాది కోల్డ్ స్టోరేజీ. మా గుమస్తా పదేళ్లుగా ఉన్నాడు, బంగారం లాంటి మనిషి. మిర్చి సీజన్లో రాత్రి పదింటికి లారీ వచ్చినా దగ్గరుండి టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, లెక్క పెట్టించేవాడు. ఇప్పుడు ఆరు కొట్టగానే వెళ్లిపోతున్నాడు. ఉగాదికి జీతం కూడా పెంచా. ఏం తక్కువ చేశానో అర్థం కావట్లా.

నిపుణురాలు: ఆరింటికి వెళ్లడం ఆయన హక్కు బాబాయ్ గారూ, రాత్రి పదింటి దాకా ఉండటమే మీకు చేసిన సాయం. అది సరే, ఈ మధ్య ఆయన పనిలో ఏమైనా మారిందా?

కాలర్: పెద్దగా ఏం లేదు. మా అబ్బాయి కంప్యూటర్ పెట్టించాడు. ఎవరి సరుకు ఏ ఛాంబర్లో, ఏ అంతస్తులో పెట్టాలో అదే చెబుద్ది. ఈయన సరుకు పెట్టినట్టు రైతులకిచ్చే బాండ్లు ప్రింటు తీసిస్తాడు, అంతే.

నిపుణురాలు: అంతకుముందు?

కాలర్: అంతా ఆయన నోటి మీదే. పుస్తకం తియ్యకుండా చెప్పేవాడు. రైతులు నా దగ్గరికి కాదు, ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు.

నిపుణురాలు: పోయింది అదేనని నాకనిపిస్తోంది. హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త బృందం అమెరికాలో ఇంజనీర్లనీ, అకౌంటెంట్లనీ అడిగి 1959లో ఒక మాట తేల్చింది. జీతం, వసతులు సరిగా లేకపోతే అసంతృప్తి వస్తుంది, కానీ అవి బాగున్నంత మాత్రాన తృప్తి రాదు. తృప్తి వచ్చేది పనిలోంచి, బాధ్యతలోంచి, గుర్తింపులోంచి. దీని మీద విమర్శలూ ఉన్నాయి. జీతం చాలక ఇల్లు గడవనివాడికి ఈ మాట చెబితే అన్యాయం. మీ గుమస్తాకి మాత్రం సరిపోయేలా ఉంది.

కాలర్: మానెయ్యలేదుగా అమ్మా? ఉన్నాడంటే విశ్వాసం ఉన్నట్టేగా?

నిపుణురాలు: మేయర్, అలెన్ అనే పరిశోధకులు 1991లో దీన్ని మూడు రకాలుగా విడదీశారు. ఇష్టంతో ఉండేవాళ్లు, మానేస్తే నష్టమని ఉండేవాళ్లు, మానేస్తే తప్పని ఉండేవాళ్లు. తృప్తికి గట్టి ముడి ఉన్నది మొదటి రకంతోనే. ఈ వయసులో ఇంకెవరిస్తారు, పిల్లల ఫీజులెట్లా అని ఆగిపోయినవాళ్లు రోజూ వస్తారు, చెప్పింది చేస్తారు. చెప్పనిది చెయ్యరు.

కాలర్: అయితే కంప్యూటర్ తీసెయ్యమంటారా?

నిపుణురాలు: వద్దండీ. అది చూపించిన చోటు ఖాయం చేసే చివరి మాట ఆయనకివ్వండి. ముందు తియ్యాల్సిన సరుకు వెనక్కి పడకుండా చూడటం ఆయనకి తెలుసు. మీ అబ్బాయిని ఒక సీజన్ ఆయన పక్కన కూర్చోబెట్టండి. అన్నిటికంటే ముందు రేపు ఆయన్నే అడగండి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోక వెళ్తున్నారేమో కూడా.

యాంకర్: విజయవాడ నుంచి ఇంకో కాలర్.

కాలర్: బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో చేస్తున్నా మేడమ్. ఇంకో షాపువాళ్లు ఎక్కువ ఇస్తామంటున్నారు. మా అమ్మ ఆపరేషన్‌కి మా ఓనర్ గారు డబ్బులిచ్చారు. వదిలెళ్లాలంటే మనసొప్పట్లేదు.

నిపుణురాలు: ఇందాకన్న మూడో రకం ఇదే తల్లీ. ఆ డబ్బు అప్పుగా ఇచ్చారా, ఊరికే ఇచ్చారా?

కాలర్: అప్పేనండీ, నెలనెలా కడుతున్నా.

నిపుణురాలు: అయితే ఎక్కడ పనిచేసినా కట్టొచ్చు. ముందు ఆయనకే ఉన్న విషయం చెప్పు. ఎంత జీతమిస్తే ఉంటావో ఆ అంకె కూడా చెప్పు.